ఒకే దెబ్బకు రెండు మాటలు

కర్పూరం కలిపిన కొబ్బరినూనె వాసన మా అన్న నుదుటి నుంచి నా వేళ్లకు అంటుకుంటే, అన్నం కలుపుకునేటప్పుడు కూడా పోదు. రోజూ పొద్దున నేనే రాస్తాను. రాస్తూ రాస్తూ హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక, ఇప్పుడు అద్దాల మేడ లేచినచోట, ఒకప్పటి ఎర్రమట్టి మైదానానికి వెళ్లిపోతాను.

వానలు వెనకబట్టి తంగేడు పూసే రోజుల్లో, అమ్మ బతుకమ్మకు చేసిన మలీద ముద్ద చేతిలో సగం, నోట్లో సగం ఉండగానే చెప్పులు రాయి మీద వదిలేసి ఆ మట్టిలో కబడ్డీ ఆడేవాళ్లం. నాయన ఆటో పక్కకు ఆపి, బీడీ అయిపోయేదాకా చూసేవాడు. పట్టులో మా అన్న రాజేందర్‌ను మించినవాడు లేడు, కూతలో నన్ను మించినవాళ్లు లేరు. గొప్పకు చెప్పడం లేదు. ఇంకెవరూ చెప్పరు కనుక నేనే చెబుతున్నాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఒక బంద్ నాడు చందానగర్ దగ్గర ముంబయి రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. గుండిగల్లో కిచిడీ ఉడుకుతుంటే, లారీలు లేని తారు మీద సుద్దతో గీతలు గీసి మాతో కబడ్డీ ఆడించారు. అన్న అవతలి జట్టు. నేను కూతకు వెళ్లి, ఇద్దరిని తాకి, తిరిగి వస్తూ నడిమి గీత మీద చెయ్యి పెట్టాను. అప్పుడే అన్న పక్క నుంచి దూకాడు. మా రెండు తలలు ఢీకొన్నాయి. ఇద్దరం తారు మీద పడ్డాం, ఇద్దరం వాంతి చేసుకున్నాం. నేను గీత తాకలేదని ఔటన్నారు. "నీకు ఉరుకరాదు, నా తలకాయ పలగ్గొట్టినవ్," అన్నాడు అన్న. నేను గీత తాకడం చూసిన ఒక్క మనిషి తనే. చెప్పలేదు.

దవాఖానలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఇద్దరి కళ్లలోనూ లైటు వేసి చూసింది. "ఇద్దరికీ ఈ ఆట మానిపిస్తేనే మంచిదండి. తలకు మళ్లీ మళ్లీ తగిలితే పెద్దయ్యాక ఏమవుతుందో మాకూ పూర్తిగా తెలియదు," అంది. ఆ మాట చెబితే మా గల్లీ పెద్ద డాక్టర్ నవ్వాడు. "ఆడకుంటే పోరల బొక్కలు గట్టిపడతయా, దమ్ము పెరుగుతదా? భయపడి ఇంట్ల కూసోబెడితే అదొక రోగం."

నాయన ఏ మాటా కాదనలేదు. రెండింటినీ పంచాడు. డాక్టరమ్మ మాట నాకు, పెద్ద డాక్టర్ మాట అన్నకు.

"ఒక్కటే దెబ్బ గద నాయనా, నాకేంది గిట్ల?" అన్నాను.

"వానికి ఆటతోని నౌకరొస్తది బిడ్డా. నువ్వాడితే ఏమొస్తది?"

అన్న ఇంకో పదేళ్లు ఆడాడు. తల పట్టుకుని లేచిన ప్రతిసారీ నేను గోడ మీద కూర్చుని చూశాను. నౌకరి రాలేదు. ఐటీ కంపెనీల వాళ్లను దింపే క్యాబ్ నడిపాడు. నార్సింగి దగ్గర రోజూ తిరిగే మలుపు మరిచిపోయి స్టీరింగ్ పట్టుకుని ఏడ్చిన రోజు నుంచి ఇంట్లోనే. ఒక డాక్టర్ ఈ మతిమరుపు ఆ పాత దెబ్బల వల్లే కావచ్చంటాడు. ఇంకొకాయన అలా చెప్పలేమని, ఆ ఆట వల్లే గుండె ఇంత గట్టిగా ఉందని అంటాడు. ఇప్పటికీ రెండు మాటలే. పంచడానికి నాయన లేడు.

మొన్న నూనె రాస్తూ, ఇన్నేళ్లు దాచుకున్నది అడిగేశాను. "అన్నా, ఆ దినం నేను గీత తాకిన. నువ్వు చూసినవ్. ఒక్కసారి ఒప్పుకో."

అన్న నా ముఖంలోకి చూశాడు. "నువ్వు కబడ్డీ ఆడేటిదానివా చెల్లె?" అన్నాడు.

మైదానం పోయింది, తారు మీది సుద్ద ఆ సాయంత్రమే పోయింది. నేను గీత తాకానని తెలిసిన ఒక్క మనిషీ నా చేతి కింద మెల్లగా కళ్లు మూసుకున్నాడు. నూనె ఇంకేదాకా రుద్దుతూనే ఉన్నాను.