సీసా మీది ఊరు

మూడు పిండిమరలు, ఒక ఉన్ని మిల్లు, ఊరందరూ బట్టలుతుక్కునే రాతి తొట్టి ఒకటి, వీధి కొళాయిలు ఏడు. ఇటలీలోని తన చిన్న ఊళ్లో పోయినవాటిని, నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్న పెద్దావిడ వేళ్ల మీద లెక్కపెట్టింది. నా చేతిలోని నీళ్ల సీసా మీద ఆ ఊరి పేరే ఉంది.

"ఎంత పెట్టి కొన్నారు, మిస్టర్?"

"మూడున్నర డాలర్లు."

"అందులో మా ఊరికెంతో చెప్పండి చూద్దాం!"

రవాణా, సీసా, కొట్టువాడి లాభం తీసేసి, "పది సెంట్లు?" అన్నాను.

"లెక్కలు బాగానే వచ్చు మీకు! సున్నా. కొండ మీది ఊటంతా ఈ సీసాల కంపెనీ గొట్టాల్లోకి పోయింది. నీటితో తిరిగే మరలు ఆగాయి. ఎనభై ఏళ్ల మా అక్క మా ఊరి నీళ్లనే కొట్లో కొనుక్కుంటోంది. ఊరి నడిమధ్య ఒక ఉచిత కొళాయి వేస్తామన్నారు, అంతే!"

నా చేతిలోంచి సీసా లాక్కుని, గోటితో కాగితం ఒలిచి పర్సులో పెట్టుకుంది.

"నీళ్లు మీరు తాగండి. పేరు మాది."

తాగలేకపోయాను. ఇప్పటికీ నెలకోసారి, ఆ ఉచిత కొళాయి వచ్చిందేమోనని ఆ ఊరి ఫోటోలు ఇంటర్నెట్‌లో వెతికి చూస్తాను. కంపెనీ ఇంకా బాకీ ఉన్నది ఒక్క కొళాయి.