సాక్షి ఇంటికి కోడికూర

మా కెంటకీ కొండల్లో ఎవరింట్లో కాలు విరిగినా, శవం లేచినా, ముందు వెర్లీన్ పిన్ని గిన్నె చేరుతుంది, ఆ తర్వాతే పాస్టరుగారు. పిండి ఉండలు వేసి ఆవిడ వండే కోడికూర తినని ఇల్లు మా లోయలో లేదు. అలాంటి మనిషిని ఆ కూర మూలానే పోలీసులు పట్టుకెళ్ళారంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆవిడ మనవడు కార్బిన్ ట్రక్కు నడుపుతూ, రోడ్డు పక్కన ఉత్తరాల డబ్బా తెరుస్తున్న ఓడెల్ రాట్లిఫ్‌ను గుద్దేశాడు. ముసలాయన కాలు విరిగింది. పెళ్ళాం పోయిన ఒంటి మనిషి. బ్రేకులు పడలేదన్నాడు కార్బిన్. ఫోను చూస్తూ నడిపాడన్నాడు ఓడెల్. చూసింది ఆయనొక్కడే. కేసు తేలేదాకా కార్బిన్ ఇంటివాళ్ళెవరూ సాక్షి గడప తొక్కకూడదని జడ్జి గట్టిగా చెప్పాడు.

పిన్ని తొక్కింది, కూర గిన్నెతో. సాక్షిని లొంగదీసుకుని న్యాయానికి అడ్డుపడుతోందని రాష్ట్ర చట్టం కింద కేసు పెట్టారు. రుజువైతే జైలే. బెయిలు మీద బయటికొచ్చిన రోజున ఉండబట్టలేక అడిగాను.

"జడ్జి మాట వినబళ్ళేదా పిన్నీ?"

"విన్నాన్రా. కాలు విరిగినవాడు పొయ్యి దగ్గర ఎలా నిలబడతాడు? విరగ్గొట్టింది మావాడు. నేను కాక ఎవరు పెడతారు?"

బెయిలిచ్చేటప్పుడు ఇంకెవరి చేతా కూడా కూర పంపకూడదన్నారు. ఓడెల్ డబ్బా సూపులు తాగుతూ కూర్చున్నాడు.

జైలు భయం కన్నా ఆవిడను కుంగదీసింది, తలా ఒకటి వండి తెచ్చే చర్చి విందు. పిన్ని గిన్నె మూత ఎవరూ తీయలేదు. "ఓడెల్ నోరు మూయించే కూర ఇదేనా?" అని ఎవతో కిసుక్కుమంది. పిన్ని ఆ నిండు గిన్నె ఒళ్ళో పెట్టుకుని నా బండిలో వెక్కివెక్కి ఏడ్చింది.

"నా చేతి కూడు లంచమంటున్నార్రా."

నాకూ ఏడుపొచ్చింది.

కార్బిన్ విచారణ రోజున ఓడెల్ చంకకర్రల మీద బోనెక్కాడు.

"మీ ఇంటికొచ్చి ఆవిడ ఏమడిగింది?" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"ఉప్పు సరిపోయిందా అని."

"మనవడి సంగతి?"

"ఒక్క ముక్క ఎత్తలేదు. గిన్నెలు తోమి వెళ్ళిపోయింది."

తర్వాత ప్రమాదం గురించి అడిగారు. "కుర్రాడు ఫోను చూస్తున్నాడు. నా కళ్ళతో చూశా," అన్నాడు. ఆ మాటప్పుడు మాత్రం పిన్ని వైపు చూడలేకపోయాడు.

కార్బిన్‌కు ఏడాది జైలు పడింది. పిన్ని మీద కేసు కొట్టేశారు. మనవణ్ణి తీసుకెళ్తుంటే దగ్గరికెళ్ళి వాడి కాలరు సరిచేసింది, అంతే. ఇంటిదారిలో ఊరు దగ్గర పడ్డాక, "ఆ మాంసం కొట్టు దగ్గర ఆపరా," అంది.

సాయంత్రానికి ఓడెల్ తలుపు తట్టింది. గిన్నె చూసి ముసలాయన గడపకడ్డంగా చంకకర్రల మీద నిలబడిపోయాడు.

"వెర్లీన్, నీ పిల్లాణ్ణి జైలుకి పంపింది నేనే కదా."

"అవును, నువ్వే," అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. "ఇంక నన్ను రావొద్దనేవాడు లేడు. జరుగు, కూర చల్లారిపోతోంది."