దీపం మీది థర్మోస్టాట్

రాష్ట్రం విడిపోయిన తరువాత, నా ఉద్యోగంలో మిగిలిన చివరి మూడేళ్ళకు నన్ను కడప బ్రాంచికి వేశారు. హోదా సీనియర్ సర్వీస్ ఇంజనీరు. పని మాత్రం ఏసీ బిగించినవాడు చేసిన తప్పుకూ, బిగించుకున్నవాడు తిట్టే తిట్లకూ మధ్యలో నిలబడటం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ నా కిందే ఉండేవి. డబ్బున్నవాళ్ళకు ఇల్లంతటికీ కలిపి ఒకే ఏసీ పెట్టించుకునే పిచ్చి అప్పుడే అక్కడ మొదలైంది. ఆ పిచ్చి పుణ్యాన నా జీతం బాగానే నడిచింది కాబట్టి ఎక్కువ మాట్లాడను.

ఒక ఎండాకాలం ప్రొద్దుటూరు నుంచి సుబ్బరాయుడనే పట్టుచీరల వ్యాపారి ఫోన్ చేశాడు. "ఏంది మస్తాన్ సారూ, నేను ఇల్లు కట్టుకున్న్యానా, ఐసు ఫ్యాక్టరీ పెట్టుకున్న్యానా? మా యమ్మ స్వెట్టరేసుకోని కూచోనుంది. నువ్వొచ్చి చూడు" అన్నాడు.

బయట తారు రోడ్డు చెప్పులకు అంటుకుంటోంది. లోపలికి వెళితే నా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. సోఫాలో ఆయన తల్లి నాగమ్మ మంకీ క్యాపు, స్వెట్టరు, కాళ్ళకు మనవరాలి స్కూలు సాక్సులు వేసుకుని కూర్చుని ఉంది. "ఈ చలి పెట్టించింది నువ్వేనా నాయనా?" అని అడిగింది. పెట్టించింది నేను కాదనీ, మాన్పించడానికి వచ్చాననీ చెప్పి బయటపడ్డాను.

ఏసీ పని తెలియనివారి కోసం ఒక మాట. ఇల్లంతటికీ ఒకే మిషన్ ఉన్నప్పుడు గోడమీద అరచేతంత పెట్టె ఒకటి బిగిస్తాం. దాన్నే థర్మోస్టాట్ అంటారు. తన చుట్టూ ఉన్న గాలి వేడి చూసుకుని అది మిషన్‌ను నడిపిస్తుంది, ఆపుతుంది. స్మార్ట్ థర్మోస్టాట్ అయితే ఫోనులోంచి చెప్పినా వింటుంది. కానీ ఎంత స్మార్టయినా దానికి తెలిసేది తానున్న చోటి వేడి ఒక్కటే. అందుకే ఎండ తగలని లోపలి గోడకు, మనిషి ఛాతీ ఎత్తున, గదిలో గాలి బాగా తిరిగేచోట పెట్టాలి.

సుబ్బరాయుడు దాన్ని దీపం మీద పెట్టించాడు. ఉత్త దీపం కూడా కాదు, రాత్రీ పగలూ వెలిగే అఖండ దీపం. హాల్లో ఆగ్నేయ మూల పాలరాయి గోడకు గూడు కట్టి నాగమ్మ దీపం పెట్టుకుంది. వేడిని చూసే యంత్రం కూడా ఆగ్నేయంలోనే ఉండాలని పులివెందుల నుంచి వచ్చిన వాస్తు ఆయన సెలవిచ్చాడట. ఆయన గాలికి చెప్పిపోయాడు, వీళ్ళు గోడకు బిగించారు. దీపం సెగ తిన్నగా థర్మోస్టాట్‌కు తగులుతోంది. పాపం అది ఇల్లు మండిపోతోందనుకుని మిషన్‌ను ఆపడమే మానేసింది. చాలదన్నట్టు ఆయుధపూజకు దానికి గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టారు. గాలి పోవలసిన సన్నటి రంధ్రాలన్నీ గంధంతో పూడిపోయాయి. నా సర్వీసులో ఎన్నో థర్మోస్టాట్లు చూశాను గానీ ముత్తైదువ థర్మోస్టాట్‌ను చూడటం అదే మొదలు.

సుబ్బరాయుడు నన్ను పక్కకు లాక్కెళ్ళి గొంతు తగ్గించాడు. "దీపాన్ని మేడమీదికి మార్చాలని కంపెనీ రూలు పెట్టిందని మా యమ్మకు నువ్వే చెప్పు సారూ. నేను చెప్తే కొడతాది." సూరత్ వ్యాపారుల పీకమీద కూర్చుని బేరమాడే మనిషి, తల్లి ముందు నన్ను అడ్డం పెట్టుకోవాలని చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అంత చలిలో అది కొంచెం హాయిగానే ఉంది.

నాగమ్మ చెవులకు మంకీ క్యాపు ఉంది గానీ వినికిడి మాత్రం పదునే. "వీనికి చిన్నప్పుడు కామెర్లొచ్చి పానం మీదికి వచ్చె నాయనా. బతికితే నేనుండేంత వరకు దీపం పెడతానని మొక్కుకున్న్యా. పాత ఇంట్లోంచి ఒకతూరి కదిలించి తెచ్చినా. మేడ మీద పెడితే ఈ మోకాళ్ళతో నేను యాడెక్కేది? నూనె పోసేదెవరు?" అంది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఆమెకు దీపమంటే కొడుకు ప్రాణమే. కొడుకు మాత్రం పెట్టెను జరపడానికి పాలరాయి గోడకు గాడి కొట్టనివ్వనంటున్నాడు.

దీపాన్ని కదపక్కర్లేదు, పెట్టెనే మారుద్దామన్నాను. మిషన్‌కు కరెంటు తీసేసి, ఏ వైరు ఏ చోట బిగించి ఉందో ఫోటో తీసుకున్నాను. పాత వైరును గొట్టంలోంచి పైకి, ఫాల్స్ సీలింగులోకి లాగేయాలి. అక్కడ చేయి అందేచోట ఒక పెట్టె పెట్టి, అందులో కొత్త వైరును జతచేసి, ఇంకో గోడకు దించాలి. వైర్ల అతుకు గోడలో పూడ్చడం మా పనిలో నేరం. పాలరాయి మీద గీత కూడా పడదని చెబితే సుబ్బరాయుడు శాంతించాడు. వాస్తు ఏమవుతుందని మళ్ళీ నసిగాడు. "చలి పెడతాండేది నాకా, ఆ వాస్తాయప్పకా?" అని తల్లి ఒక్కటి వేసింది.

కొలిచి చూస్తే సరైన చోటు ఎదురుగోడ మధ్యలో తేలింది. అక్కడేమో సుబ్బరాయుడి పెద్ద ఫోటో ఉంది. వర్తకులు సన్మానం చేసినప్పుడు తీసింది. భుజాన శాలువా, మెడలో ఇంత లావు పూలదండ. దాన్ని దించమంటే మనిషి మొహం మాడిపోయింది. తల్లి ఒక చూపు చూసింది. దించాడు.

సాయంత్రానికి పని అయిపోయింది. గంధం కడిగించుకున్న థర్మోస్టాట్ కొత్త గోడమీద బుద్ధిగా కూర్చుంది. మిషన్ ఆగింది. నాగమ్మ మంకీ క్యాపు తీసి, "ఇప్పుడు మనిషి ఇల్లు మాదిరి ఉండాది" అంది. పాత చోట వైరు రంధ్రం మీద తెల్ల మూతపలక బిగించబోయాను. సుబ్బరాయుడు అడ్డం పడ్డాడు. తన పాలరాయి మీద ప్లాస్టిక్ ముక్క వద్దనీ, దాని సంగతి తాను చూసుకుంటాననీ అన్నాడు. ఇల్లు ఆయనది, నాకెందుకనుకుని పలకను సంచిలో వేసుకున్నాను.

చోటు మార్చాక కొన్నాళ్ళకు మళ్ళీ వెళ్ళి చూడటం మా పద్ధతి. నేను వెళ్ళిన రోజే నాగమ్మ జమ్మలమడుగులో చెల్లెలి ఇంటినుంచి తిరిగి వచ్చింది. ఇద్దరం గుమ్మం దగ్గరే కలిశాం. అత్త లేని నాలుగు రోజులూ దీపానికి నూనె పోసిన కోడలు తలుపు తీసింది. హాల్లోకి అడుగుపెట్టిన నాగమ్మ చేతిలో సంచి జారి కిందపడింది.

సుబ్బరాయుడు రంధ్రం సంగతి చూసుకున్నాడు. దానిమీద తన ఫోటో తగిలించాడు. పాలరాయి గోడకు శాలువాతో, మెడలో దండతో సుబ్బరాయుడు నవ్వుతున్నాడు. కింద దీపం వెలుగుతోంది.

మోకాళ్ళు నొప్పన్న మనిషి ఎట్లా వెళ్ళిందో తెలియదు. ఒక్క ఉదుటున గూటి దగ్గరికి చేరి, మండుతున్న వత్తిని ఉత్త వేళ్ళతో నలిపేసింది. ఇన్నేళ్ళు కాపాడిన దీపం! అలికిడికి సుబ్బరాయుడు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి, "ఏందిమా?" అన్నాడు.

నాగమ్మ కొడుకు వీపుమీద రెండు చేతులా బాదింది. "నేను బతికుండంగా నువ్వు దీపం మీదికెక్కుతావా రా? దించు! ముందు దించు దాన్ని!" అని, బాదిన చేతులతోనే కొడుకును గట్టిగా పట్టుకుని భోరుమంది. ఆమె వేళ్ళు కాలి ఎర్రగా కమిలాయి. ఆమె వాటివైపు చూసుకోను కూడా లేదు.

ఫోటో దిగింది. "ఆ తెల్ల బిళ్ళ తెచ్చినావా నాయనా?" అని నన్నడిగింది. తెచ్చాను, బిగించాను. ఈసారి సుబ్బరాయుడు పాలరాయి మాటెత్తలేదు. ఆమె గూడు కడిగి, కొత్త వత్తి వేసి, మళ్ళీ దీపం వెలిగించింది. సుబ్బరాయుడు నన్ను గేటుదాకా సాగనంపుతూ, "అంత సులువుగా దీపం తీసేస్తాదని తెలిసుంటే నిన్ను పిలిచేవాణ్ణే కాదు సారూ" అన్నాడు. వీపు మాత్రం రుద్దుకుంటూనే ఉన్నాడు.

నేను నేర్చుకున్నది ఒకటే. గోడమీద ఒక వస్తువు తీశాక మిగిలిన రంధ్రాన్ని మనం మూయకపోతే ఇంటివాడు మూస్తాడు. ఆ తరువాత రిటైరయ్యేదాకా, యజమాని ఎంత మొత్తుకున్నా సరే, మూతపలక బిగించకుండా ఏ ఇల్లూ వదల్లేదు.