మా మేనత్త ఎడమచేతి చూపుడువేలు

నా చిన్నప్పుడు పలాస దగ్గర మా ఊళ్లో ఆడవాళ్ల చేతులు చూస్తే చాలు, ఎవరు జీడిబట్టీలో పనిచేస్తారో చెప్పేయవచ్చు. కాల్చిన జీడిపిక్కను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో కర్రసుత్తి పెట్టి కొట్టి పప్పు తీసే పని అది. పెంకులోంచి కారే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఎంత బూడిద పూసుకున్నా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు బొగ్గులా నల్లబడిపోయేవి. మా మేనత్తవీ అంతే. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసి మాతోనే ఉండేది. నన్ను పెంచింది ఆవిడే. మాటలో కారమూ ఎక్కువే, చేతిలో దెబ్బా ఎక్కువే.

అరవై రెండు ఎన్నికల్లో ఆ నల్లవేళ్లే వాళ్ల కొంప ముంచాయి. ఓటేసినవాళ్లకి సిరా పెట్టేది కూడా ఎడమచేతి చూపుడువేలికే కదా! బట్టీ ఆడవాళ్లు వరుసలో నిలబడితే, లోపల కూర్చున్న బట్టీ షావుకారు తాలూకు ఏజెంటు, వీళ్ల వేళ్లకి మరకుంది, ఒకసారి వేసేసి మళ్లీ వచ్చారని గోలచేసి అందరినీ వెనక్కి పంపించాడు. సాయంత్రానికి వాళ్ల ఓట్లన్నీ ఇంకెవరో వేసేశారు. ఇదేం అన్యాయమని అడగబోయిన మా అత్తని షావుకారు మేస్త్రీ జుట్టు పట్టుకుని గుమ్మంలోంచి ఈడ్చి పారేశాడు. ఊరంతా నిలబడి చూసింది. ఆ ఈడ్పుని ఆవిడ ఐదేళ్లు కడుపులో పెట్టుకుంది. ఈసారి తన ఓటు తనే వెయ్యాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే.

అరవై ఏడు ఎన్నికలు ఇంకో నెలకి వస్తాయనగా ఆవిడ చేతులు మార్చింది. పిక్క కుడిచేత్తో పట్టుకుని, సుత్తి ఎడమచేత్తో కొట్టడం మొదలుపెట్టింది. మొదట్లో దెబ్బలు పిక్క మీద కంటే వేళ్ల మీదే ఎక్కువ పడేవి. పప్పు ముక్కలైపోతోందని మేస్త్రీ బూతులు తిట్టేవాడు, అన్నీ పడింది. పని నుంచి రాగానే ఎడమవేలిని చింతపండుతో తోమి కొబ్బరినూనె రాసుకునేది. నల్లతోలు పొరలుపొరలుగా ఊడిపోయి కింద లేత చర్మం వచ్చింది. ఈ సంగతి ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పనని తన నెత్తిన నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది.

నేను చెప్పేశాను. నా నోరు పడిపోను! పోలింగుకి రెండు రోజుల ముందు మేస్త్రీ నా చేతిలో బెల్లంముక్క పెట్టి, "మీ అత్త ఎడం సేత్తో కొడతందేటే?" అని నవ్వుతూ అడిగాడు. మా అత్త ఎంత తెలివైనదో వీడికి తెలియాలి కదా అని మొత్తం వాగేశాను. మర్నాడు సాయంత్రం పోలింగు జరిగే చోటు చూసుకోవడానికి తోటల దారిన వెళ్తున్నామని కూడా చెప్పాను. తొమ్మిదేళ్ల దాన్ని, అయినా అంత తెలివి తక్కువా?

ఆసారి పోలింగు మా ఊళ్లో కాదు, జీడితోటలు దాటి రెండు మైళ్ల అవతలి ఊరి బడిలో పెట్టారు. ఆ మాట షావుకారు మనుషులు బట్టీలో పొక్కనివ్వలేదు. మా అత్త కరణం గారి ఇంటికి వెళ్లి అడిగి తెలుసుకుని, తోటి ఆడవాళ్ల చెవినా వేసింది. ముందురోజు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఆ బడికి వెళ్లింది. ఓటు పెట్టెలతో టెక్కలి నుంచి వచ్చిన గుమాస్తాచేత జాబితాలో తన పేరు వెతికించి, నంబరు చీటీ మీద రాయించుకుంది. ఆడవాళ్లు ఏ గుమ్మంలోంచి వెళ్లాలో, ఎటు నుంచి బయటికి రావాలో నడిచి చూసుకుంది.

తిరిగి వస్తుంటే తోటలో మేస్త్రీ, ఇంకో ఇద్దరు అడ్డం పడ్డారు. మొదటి దెబ్బ ఆవిడ మొహం మీద పడింది. కింద పడేసి ఒకడు మోకాలితో గుండె మీద కూర్చున్నాడు. నేను వెళ్లి వాడి చెయ్యి కొరికితే ఎత్తి ఇసకలోకి విసిరేశాడు. మేస్త్రీ కొబ్బరిచిప్పలో కాచిన జీడినూనె పట్టుకొచ్చాడు. ఆవిడ ఎడమచేతి చూపుడువేలు అందులో ముంచి పట్టుకున్నాడు. "ఇదిగోనే నీ సిరా. నీ ఓటు అయిపోనాది, పో" అన్నాడు. మా అత్త అరిచిన అరుపు ఇప్పటికీ చెప్పలేను.

ఇంటికొచ్చేసరికి వేలు పొంగిపోయింది. తెల్లారేసరికి పొక్కు చితికి, తోలు నల్లగా మాడిపోయింది. ఆవిడ నా మొహం చూసింది. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. చెంప పగిలేలా ఒక్కటిచ్చింది. తర్వాత కత్తులు నూరుకునే రాయి తీసి ముందు పెట్టుకుని, మణికట్టు నాకు అందించింది.

"రెండు సేతుల్తో పట్టుకో. నాను లాగినా వొదలకు."

ఆ వేలిని రాయి మీద పెట్టి రుద్దింది. నల్లతోలు పోయేదాకా, రాయి ఎర్రబడేదాకా రుద్దింది. పళ్ల మధ్య చీర కొంగు. నేను కళ్లు మూసుకుని పట్టుకున్నాను.

పోలింగు దగ్గర కర్రలు పట్టుకుని షావుకారు మనుషులు నిలబడ్డారు. బట్టీ ఆడవాళ్లని ఏజెంటు ఒక్కొక్కరినే వెనక్కి పంపిస్తున్నాడు. మా అత్త వంతు వచ్చింది. ఏజెంటు లేచి, ఈవిడ వేలికీ మరకుందని అరిచాడు. నేను గుమ్మం పక్కనుంచి చూస్తున్నాను. ఆవిడ కట్టుగుడ్డ విప్పి వేలు బల్ల మీద పెట్టింది. టెక్కలి గుమాస్తా మొహం పాలిపోయింది.

"మరకేదయ్యా? ఇక్కడ తోలే లేదు" అన్నాడు ఏజెంటుతో.

"దానికి పెట్టలేవు గానీ బావూ, పక్కేలికి పెట్టీ" అంది మా అత్త. ఆయన పెట్టాడు. ఆవిడ అసెంబ్లీకొకటి, పార్లమెంటుకొకటి రెండు కాగితాలూ తీసుకుని తడిక వెనక్కి వెళ్లింది, వచ్చి పెట్టెల్లో వేసింది.

బయటికి రాగానే మేస్త్రీ కర్రతో వీపు మీద కొట్టాడు. బోర్లా పడింది. ఇంకోటి వేశాడు. లేచి, చీర దులుపుకుని, వాడి మొహంలోకి చూసి నవ్వింది. ఓటు పెట్టెలో పడిపోయాక వాడు కొట్టి ఏం పీకుతాడు?

మిగతా ఆడవాళ్లకి ఆసారి కూడా ఓటు దక్కలేదు. కానీ ఆ తర్వాతి ఎన్నికలు నెల ఉందనగా బట్టీలో సగం మంది ఎడమచేత్తో కొట్టడం మొదలుపెట్టారు. అంతమందిని పట్టుకుని నూనెలో ముంచడం ఎవడి తరం?

ఆరోజు ఇంటికి నడుస్తూ, "ఎవులికేసినావత్తా?" అని అడిగాను.

"నీకు సెప్తే ఊరికి సెప్పినట్టే" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మంచి చెయ్యి నా భుజం మీద వేసి ఇల్లు చేరేదాకా తియ్యలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఎవరికి వేసిందో చివరిదాకా చెప్పలేదు, నేనూ మళ్లీ అడగలేదు. ఇప్పటికీ ఎవరైనా నన్ను నమ్మి ఓ మాట చెబితే, పైకి చెప్పేద్దామని నోరు తెరవబోతే, నా రెండు చేతుల్లో ఆ మణికట్టు నాడి కొట్టుకుంటుంది. అంతసేపు రాయి మీద రుద్దుకుంటూ కూడా మా అత్త ఆ చేతిని ఒక్కసారైనా వెనక్కి లాక్కోలేదు.