గానీ గారి కళ్ళజోడు

ఏ మెప్పుకైనా చివర "గానీ" తగిలించకపోతే ఆయనకు తిన్నది అరగదు. అందుకే ఆఫీసంతా ఆయన్ని గానీ గారనే పిలుస్తుంది. కొడుకు పుట్టినప్పుడు నర్సు చేతుల్లో పెడితే, "బంగారంలా ఉన్నాడు గానీ, ఈ టవలు అంచు ఊడింది" అన్నారట. ఆ సంగతి వాళ్ళావిడే చెప్పి చెప్పి నవ్వుతుంది.

ఆ కంపెనీ మోటారు పంపులు తయారుచేస్తుంది. ఏ పంపు ఎవరు కొన్నారో, ఏ విడిభాగం ఎక్కడుందో అన్నీ క్లౌడ్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఆ వివరాలు ఎక్కించే పని, అందరూ అక్కయ్య అని పిలిచే ఉద్యోగినిది. గానీ గారు ఆ విభాగానికి పెద్ద. సోమవారం నుంచి కొత్త వెర్షన్ అనగానే అక్కయ్యకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కొన్నాళ్ళుగా ఆమెకు చిన్న అక్షరాలు ఆనడం లేదు. తెరమీద ఏ గడి ఎక్కడుందో చేతికి అలవాటై ఎలాగో నెట్టుకొస్తోంది. గడులు కదిలాయంటే గుట్టు రట్టే. చూపు తగ్గిందని తెలిస్తే ఉద్యోగం ఉంచుతారా? ఇల్లు గడిచేదే ఆ జీతంతో.

శుక్రవారం పొద్దున సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మాయి వచ్చి, గోడమీది తెరపై కొత్త వెర్షన్ చూపించింది. వెతకడం చిటికెలో అయిపోతుందట. ఒకే మనిషి వివరాలు రెండుసార్లు ఎక్కితే అదే పట్టేస్తుందట. గడులు మాత్రం జాగాలు మారాయి. తెల్లటి తెరమీద బూడిదరంగు అక్షరాలు చీమల్లా ఉన్నాయని ఎవరో అన్నారు. అక్కయ్యకు ఆ చీమలూ కనిపించలేదు. కుర్చీలో అటూ ఇటూ కదులుతూ కూర్చుంది.

"ఎలా ఉందండీ?" అంది ఆ అమ్మాయి.

"బ్రహ్మాండంగా ఉంది గానీ..." అన్నారు గానీ గారు.

"మొదలెట్టారు బాబోయ్!" అన్నాడు లెక్కలాయన.

"నాకు ఒక్క ముక్క కనపడితే ఒట్టు."

"కళ్ళజోడు మార్చుకోండి సార్!"

"జోడు బాగానే ఉంది గానీ, అక్షరాలే బాలేవు. పెద్దవి చెయ్యమ్మా, ముదురు రంగు వెయ్యి. గడులు ఎవరికి కావలసినచోట వాళ్ళు పెట్టుకోనివ్వు. అందాకా నేను సంతకం పెట్టను."

"మీ ఒక్కరికోసమా అండీ?"

"అందరికీ చెయ్యి. నన్నొక్కణ్ణే ముసలాణ్ణి చేస్తావా?"

"ఇక సార్‌కి బస్సు నంబరు కూడా మనమే చదివిపెట్టాలి" అన్నాడు లెక్కలాయన. గది గొల్లుమంది. గానీ గారూ నవ్వేశారు. అక్కయ్యకు మాత్రం నవ్వు రాలేదు. ఆ అమ్మాయి ఫోన్ల మీద ఫోన్లు చేసి, సాయంత్రానికల్లా అక్షరాలు పెద్దవి చేయించి, గడులు జరుపుకునే వీలూ పెట్టించింది. పాత చోట్లలో గడులు సర్దుకుని, అక్కయ్య గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది.

ఇంటికెళ్తూ ఇద్దరూ లిఫ్టు దగ్గర నిలబడ్డారు. ఆయన ఊరుకుంటే కదా!

"వరండా శుభ్రంగానే ఉంది గానీ, అదిగో, ఆ చివర మంటలార్పే సిలిండరుకి గడువు పోయిన నెలే అయిపోయింది. ఎవరూ చూడరేం?"

అక్కయ్య అంతదూరం నడిచి, సిలిండరు మీది చీటీకి ముక్కు ఆనించి చూసింది. నువ్వుగింజలంత అక్షరాలు. ఆయన చెప్పింది నిజమే. గిరుక్కున వెనక్కి తిరిగింది.

"మీకు కనపడదన్నారుగా!"

"అన్నాను. మీరు కంప్యూటరుకి ఇలాగే ముక్కు ఆనించడం చూశాన్లెండి. ఉద్యోగానికేం భయం లేదు గానీ, ముందు కంటి డాక్టరు దగ్గరికెళ్ళండి."

అక్కయ్యకు పొద్దున రాని నవ్వు ఇప్పుడు వచ్చింది.

"తప్పకుండా వెళ్తానండీ. మీరు చాలా మంచివారు."

లిఫ్టు వచ్చింది. ఆయన తలుపుకు కాలు అడ్డం పెట్టారు.

"గానీ?"

"గానీ ఏం లేదండీ."

"ఏదో ఒకటి ఉండే ఉంటుంది, చెప్పండి."

"నిజంగా ఏం లేదు."

లిఫ్టు కిందికి దిగేదాకా ఆయన కుదురుగా నిలబడలేకపోయారు.