ఎదురెదురుగా పడ్డ సరుగుడు చెట్లు

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఇంజనీరును. తుఫాను వెళ్లాక కూలినవాటిని చూసి, గాలి ఎటు నుంచి ఎంత బలంగా వచ్చిందో నివేదిక రాయడం నా పని. మా ఆఫీసులోనే ఉండే మస్తాన్ పనీ అదే. కానీ అతను తుఫాను వెళ్లేదాకా ఆగేవాడు కాదు. జనం సముద్రపు ఒడ్డున వాడరేవు ఖాళీ చేసి వస్తుంటే, గాలిని కొలిచే పరికరం జీపులో వేసుకుని అక్కడికే ఎదురెళ్లేవాడు. ఒళ్లంతా ఇసుకతో తిరిగొచ్చి నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు మండిపోయేది.

వాళ్ల నాన్న మా తాతగారి బండి తోలేవాడు. మా పొలాలు పోయాయి, మేడ పోయింది, ఇంటిపేరు మిగిలింది. అలాంటి నన్ను మస్తాన్ ఆఫీసులో అందరి ముందూ ‘ఏరా’ అనేవాడు. కలిసి చదువుకున్నవాడు, అనకూడదా? నేను మాత్రం ‘మస్తాన్ గారూ’ అనేవాణ్ణి. అందరూ మర్యాద అనుకున్నారు. కాదు, దూరం.

ఆ ఏడు తుఫాను మా సొంతూరి మీదుగా పోయింది. మిరప చేలు దాటి ఇసుక నేల మొదలయ్యే చోట ఒక సరుగుడు తోట. అక్కడ చెట్లు ఒకే వైపు కాకుండా ఎదురెదురుగా పడ్డాయి. తుఫాను లోపలే సుడిగాలి లేచిందన్నాడు మస్తాన్. మన దగ్గర అలా జరగదని పెద్ద ఇంజనీర్లు కొట్టిపారేసే మాట అది. రుజువైతే తుఫానుల విభాగం అతని చేతికొస్తుంది. నేను ఆశపడ్డ విభాగం.

“ఏరా, నా ఫోను వానకి తడిసి చచ్చింది. నేను పొదిలి పోవాలి. ఫొటోలు నువ్వు తీసిపెట్టు, రేపు పెద్దసార్లని తీసుకొస్తా,” అన్నాడు.

వెళ్లాను. ఒక్క ఫొటో తీయలేదు. తోట రైతు కోటయ్య నన్ను చూసి తలగుడ్డ తీశాడు. తాతగారి తర్వాత మా ఇంట్లో ఎవరికీ దక్కని మర్యాద.

“సర్వే అయిపోయింది. కొట్టేసుకోండి,” అన్నాను.

“బాబుగారు చెప్పాక ఇంకేముందండీ!”

సాయంత్రానికి చెట్లన్నీ ట్రాక్టర్లెక్కాయి. నా మాట ఇంకా చెల్లుతోందని సంతోషించానా? సంతోషించాను.

మర్నాడు అక్కడ రంపపు పొట్టు తప్ప ఏమీ లేదు. “నీ సుడిగాలి చెట్లని కూడా ఎత్తుకుపోయిందేంటయ్యా?” అని పెద్దసార్లు నవ్వారు.

మస్తాన్ నా వైపు తిరిగాడు. “ఎవరు చెప్పార్రా వీళ్లకి కొట్టేయమని?”

“తెలియదండీ. నేనొచ్చేసరికే కొట్టేశారు.”

కోటయ్య అక్కడే ఉన్నాడు. నా ముఖంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు. “మేమే తొందరపడ్డామండీ,” అన్నాడు. మా ఇంటి పరువు ఆయన కాపాడాడు. నా అబద్ధం కంటే ఆయన అబద్ధమే నన్ను ఎక్కువ కోస్తుంది.

“పోనీలేరా, వాళ్ల బాధ వాళ్లది,” అన్నాడు మస్తాన్.

విభాగం నాకొచ్చింది. అతను రోడ్ల పనికి బదిలీ అడిగి వెళ్లిపోయాడు. మళ్లీ తుఫానుకు ఎదురెళ్లలేదు. అసూయ అంతటితో తీరాలి కదా? తీరలేదు. ఇప్పటికీ గాలి లేస్తే నేను తలుపులు బిగించుకుని కూర్చుంటాను, అతనెక్కడున్నా బయటికొచ్చి ఆకాశం చూస్తూ ఉంటాడని తెలుసు, ఆ చూపు ఏ పదవీ నాకివ్వలేదని కుళ్లుకుంటాను. చెబుదామని ఎన్నోసార్లు ఫోను తీశాను. ఇంటిపేరు అడ్డొచ్చిందని సర్దిచెప్పుకున్నాను. ఇంటిపేరా, భయమా?

క్షమించమని అడగను. ఆ రోజు అతను అడిగినదానికి జవాబు మాత్రం, అతను నన్ను పిలిచినట్టే పిలిచి, ఇక్కడ చెబుతున్నాను.

నేనేరా మస్తానూ. కొట్టేయమన్నది నేనే.