తల ఎలా ఉందని అడిగే బాబాయి

బాబాయి పోయారని బాపట్ల నుంచి ఆయన కొడుకు, మా తమ్ముడు, ఫోన్ చేయగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "కార్లోనా?" అని.

"కాదక్కా, మంచం మీదే. టీ తాగి నడుం వాల్చారు, అంతే. గుండె అన్నారు డాక్టరు."

ఏడవాల్సింది పోయి హమ్మయ్య అనుకున్నాను. ఇదేం మనిషిరా బాబూ అనుకుంటారేమో, అందుకే ఇదంతా చెబుతున్నాను.

బాబాయి రేపల్లెలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. దేవుడి తర్వాత ఆయనకి అంకెలంటేనే నమ్మకం. "మనిషి మొహమాటపడతాడు గానీ అంకె పడదమ్మాయ్" అనేవారు. సొంత కొడుక్కి కూడా అరమార్కు కలపలేదని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయనకో పాత కార్బురేటర్ కారుండేది. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ ఎక్కువ, పాత బండ్లలో గాలి పెరిగి పెట్రోలు వాటా తగ్గి ఇంజన్ కాలిపోతుందని ఎవరో చెవిన వేశారు. ఇంక చూస్కోండి! పొగ గొట్టానికి సెన్సర్ పెడితే లోపల గాలి ఎంత, పెట్రోలు ఎంత అన్నది డాష్‌బోర్డు మీద చూపించే మీటరు ఒకటుందని కనిపెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో తెగ వెతికారు. చవకది గాలి ఎక్కువా, తక్కువా అని మాత్రం చెబుతుంది. "'బాగానే రాశాడు' అంటే ఎన్ని మార్కులని?" అంటూ దాన్ని తోసేసి, అంకె చూపించే వైడ్‌బ్యాండ్ మీటరు తెప్పించారు. తెనాలిలో గొట్టానికి నట్టు వెల్డింగ్ చేయించి సెన్సర్ బిగించారు. వైరు లోపలికి రావడానికి కాళ్ళ దగ్గర రేకుకి తనే డ్రిల్లుతో బెజ్జం కొట్టారు. పద్నాలుగు పాయింట్ ఏడైతే పాళ్ళు సమం, అంకె పెరిగితే గాలి ఎక్కువ అని మా అందరికీ పాఠం కూడా చెప్పారు.

మా ఇళ్ళల్లో ప్రార్థన చేయకుండా బండి గేటు దాటదు. అందరూ ఎక్కాలి, తలుపులేయాలి, వీధి గోల వినపడకుండా అద్దాలెక్కించాలి. మీటరు పెట్టాక బాబాయి షెడ్డులోనే ఇంజన్ స్టార్ట్ చేసి మరీ ప్రార్థన మొదలుపెట్టేవారు. "మనం ఆమెన్ అనేసరికి సెన్సర్ వేడెక్కుద్ది." ఆయన ప్రార్థన ఒక పట్టాన తెమిలేది కాదు. చుట్టాలందరూ రావాలి అందులో, మాటల్లేని వాళ్ళతో సహా.

పిన్నికి ఆదివారం తలనొప్పులు అప్పుడే మొదలయ్యాయి.

"ఏమండీ, కళ్ళు తిరుగుతున్నాయండి."

"టిఫిన్ తినకుండా బయల్దేరితే తిరగవేంటి మరి?" అనేవారు, చూపు మీటరు మీంచి తీయకుండా.

అది పదహారు చూపిస్తుంటే, గాలి ఎక్కువైందని ఆయన కార్బురేటర్ స్క్రూ తిప్పి పెట్రోలు పెంచుకుంటూ పోయారు. ప్లగ్గులు తీస్తే కాటుక పట్టినట్టు నల్లగా ఉన్నాయి. పెట్రోలు ఎక్కువైతేనే అలా ఉంటాయని ఆయనకీ తెలుసు. అయినా అంకె మాటే విన్నారు.

ఒక వానపూట అద్దాలన్నీ బిగించుకుని రేపల్లె వెళ్తున్నాం. పిన్నికి కార్లో పాటలు పాడుకోవడం అలవాటు. చెరుకుపల్లి దాటాక పాట మధ్యలో ఆగింది. నిద్రపోయిందనుకున్నాం. వెనక సీట్లో నాకూ తల దిమ్ముగా ఉంది. "ఇంకా పదహారేనే!" అంటున్నారు బాబాయి. పిన్ని తల అద్దానికి ఠక్కున కొట్టుకుంది, ఆవిడ కదల్లేదు.

"బాబాయ్! మీటరు కాదు, పిన్నిని చూడండి!" అని అరిచాను.

బండి ఆపి, పిన్నిని వానలోకి లాగి, గట్టు మీద పడుకోబెట్టాం. ఒళ్ళంతా తడిసి ముద్దయ్యాక వాంతి చేసుకుని కళ్ళు తెరిచింది. రేపల్లె ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. పొగ పీల్చిందన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం దక్కేది కాదన్నారు డాక్టరు.

మెకానిక్ చూస్తే, పొగ గొట్టంలో సెన్సర్‌కి ముందున్న జాయింటు దగ్గర సన్నటి పగులు. అందులోంచి దూరిన బయటి గాలిని కూడా లెక్కేసుకుని మీటరు పదహారు చూపించింది. అందులోంచే పొగ బయటికొచ్చి, రబ్బరు పెట్టని ఆ వైరు బెజ్జంలోంచి మా మధ్యకి వచ్చింది.

"మీ పిన్ని చెబుతూనే ఉందమ్మాయ్. నేను మీటరు వంక చూస్తూ కూర్చున్నాను," అన్నారు బాబాయి ఆసుపత్రి బెంచీ మీద.

పగులు అతికించారు, బెజ్జానికి రబ్బరు పెట్టారు. మీటరు పీకి పారేయమన్నాను. "దాని తప్పేముంది?" అన్నారు. ఆ తర్వాత మాత్రం ఎండైనా వానైనా అద్దాలు దించాకే ప్రార్థన. ఆమెన్ అనగానే పిన్ని వైపు తిరిగి "తల ఎలా ఉంది?" అని అడిగేవారు. "బానే ఉందండి, పోనివ్వండి" అంటేనే బండి కదిలేది. నాకు మాత్రం ఆ కారంటే భయం పోలేదు.

సమాధుల తోటకి ఆ కార్లోనే వెళ్ళాం. తమ్ముడు స్టీరింగ్ దగ్గర, పక్కన పిన్ని, వెనక నేను. వానకి అద్దాలెక్కించబోయాను.

"దించమ్మా," అంది పిన్ని.

ప్రార్థన ఆవిడే చేసింది. అయ్యాక తల తిప్పి డ్రైవరు సీటు వైపు చూస్తూ ఉండిపోయింది. తమ్ముడికి ఏం అడగాలో తెలియలేదు. మీటరు పద్నాలుగు పాయింట్ ఏడు మీద ఉంది.

"బానే ఉందండి," అంది పిన్ని, "పోనివ్వండి."

జల్లు మా ఒళ్ళోకి కొడుతూనే ఉంది.